కట్ లేకుండా కెమెరా ముందే మనిషి వికృతంగా మారిపోవాలంటే: 1931 నాటి పద్ధతి, చెన్నై అద్దె ఇంట్లో చేసే తీరు

మీరు అడిగినవి మూడు. చెన్నైలో ఉంటున్న నలుగురు తెలుగువాళ్లు కలిసి వలసరవాక్కంలో ఒక అద్దె ఇంట్లో పది నిమిషాల నలుపు-తెలుపు లఘుచిత్రం తీస్తున్నారు. అందులో ఒకాయన తాను కనిపెట్టిన మందు తానే తాగి, అది వికటించి, రాక్షసుడిలా మారిపోవాలి. 1930ల సినిమాల్లో కంప్యూటర్ లేకుండా, కట్ లేకుండా ఆ మార్పు ఎలా చూపించారు? మీ దగ్గరున్న ఒక మిర్రర్‌లెస్ కెమెరా, రెండు ఎల్‌ఈడీ లైట్లతో అవుతుందా? రేపు ఎవరైనా రంగుల్లో తీయమంటే ఇదే పద్ధతి పనికొస్తుందా?

ముందే చెప్పేస్తాను. అవుతుంది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ముఖానికి ఎర్ర మేకప్ వేసి, షాట్ మధ్యలో ఎర్ర ఫిల్టర్ నుంచి ఆకుపచ్చ ఫిల్టర్‌కు మారడమే మొత్తం కిటుకు. రంగుల్లో మాత్రం పనికిరాదు. దాని సంగతి చివర్లో చెప్తాను.

నలుపు-తెలుపు ఫిల్ముకు రంగు తెలియదు, వెలుతురు ఎంత వచ్చిందన్నదే తెలుసు. లెన్సు ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే ఎర్రటి వస్తువులన్నీ లేతగా పడతాయి. మనిషి చర్మం ఎరుపును బాగా తిప్పికొడుతుంది, ఎర్ర మేకప్ కూడా అంతే. కాబట్టి చర్మం మీద ఎర్రగా గీసిన గీత ఆ ఫిల్టర్‌లోంచి కనపడదు. అదే ఆకుపచ్చ ఫిల్టర్‌లోంచి చూస్తే ఎర్ర గీత దాదాపు నల్లగా పడుతుంది, చర్మం మాత్రం బూడిద రంగులోనే ఉంటుంది. అంటే మేకప్ ముందే ముఖం మీద ఉంది, నటుడు కదలక్కర్లేదు, కెమెరా ఆగక్కర్లేదు. ఫిల్టర్ జరిగితే చాలు, కళ్ల కింద గుంటలు, నుదుటి ముడతలు, దవడ నీడలు ముఖంలోంచి పైకి తేలినట్టు వస్తాయి.

రూబెన్ మామూలియన్ తీసిన 1931 నాటి 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'లో ఫ్రెడ్రిక్ మార్చ్ ముఖం మారింది ఇలాగే. కెమెరామన్ కార్ల్ స్ట్రస్, మేకప్ వాలీ వెస్ట్‌మోర్. మామూలియన్ ఈ రహస్యాన్ని చాలా ఏళ్లు బయటపెట్టలేదు. అయితే స్ట్రస్‌కు ఇది కొత్త కాదు. 1925 నాటి 'బెన్-హర్'లో కుష్ఠువ్యాధి నయమయ్యే సన్నివేశానికి ఇదే కిటుకును తిరగేసి వాడాడు. అక్కడ ముందు మచ్చలు కనిపిస్తాయి, ఫిల్టర్ జరిగేసరికి మాయమవుతాయి.

1941లో స్పెన్సర్ ట్రేసీతో అదే కథ మళ్లీ తీసినప్పుడు డిజాల్వ్‌ల మీద ఆధారపడ్డారు. ఒక మేకప్‌తో కొంత తీసి, ఆపి, ఇంకో మేకప్ వేసి, ఒకదానిలోంచి ఇంకోటి కరిగించడం. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. డిజాల్వ్‌లో ముఖం అంచులు ఎంతోకొంత జరుగుతాయి, ప్రేక్షకుడి కన్ను దాన్ని పట్టేస్తుంది, 'ఇక్కడ ఏదో చేశారు' అని తెలిసిపోతుంది. 1931 షాట్‌లో పట్టుకోవడానికి ఏమీ లేదు. పదేళ్ల ముందు తీసిందే ఇప్పటికీ నమ్మబుద్ధవుతుంది. ఇలాంటి సినిమాలో ప్రేక్షకుణ్ని నమ్మించే షాట్ ఒక్కటుంటే చాలు, మిగతాదంతా చూపించకుండా దాటేయొచ్చు. మీ సమయం, మీ డబ్బు ఆ ఒక్క షాట్ మీదే పెట్టండి.

ఇక మీ కెమెరాతో దీన్ని చేయడానికి మూడు దారులున్నాయి.

మొదటిది స్ట్రస్ దారే. ఎర్ర జెల్, ఆకుపచ్చ జెల్ (రంగు ప్లాస్టిక్ పొరలు) అంచులు కలిపి అతికించి, ఆ పట్టీని లెన్సుకు ఆనించి మెల్లగా జరపడం. ఫొటోగ్రఫీ ఫిల్టర్లయితే 25 నంబరు ఎరుపు, 58 నంబరు ఆకుపచ్చ. రెండూ దాదాపు మూడేసి స్టాపులు తినేస్తాయి (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) కాబట్టి లైటు గట్టిగా ఉండాలి. అపర్చర్ ఎఫ్2 దగ్గర తెరిచి ఉంచితే అతుకు గీత కనపడదు, మసకబారి నెమ్మదైన మార్పులా వస్తుంది. ఎఫ్8కి మూశారా, గీత ముఖం మీదుగా నడుచుకుంటూ పోతుంది. ఇంకో చిక్కు ఉంది. రంగుల సెన్సర్‌లో ఎరుపును పట్టే చుక్కలు నాలుగింట ఒక వంతే. ఎర్ర ఫిల్టర్ పెడితే మిగతావి చీకట్లో ఉంటాయి, నాయిస్ పెరుగుతుంది.

రెండోది లైట్లనే మార్చడం. ఎర్ర లైటు తగ్గిస్తూ ఆకుపచ్చ లైటు పెంచడం. రెండు లైట్లూ వేర్వేరు చోట్ల ఉంటే ముక్కు నీడ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుగుతుంది, అక్కడితో గుట్టు రట్టు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ముందు ఒకే ట్రేసింగ్ పేపర్ కట్టాలి. ఫోన్ యాప్‌తో రంగు మార్చే లైట్లు సాఫీగా కాక మెట్లుమెట్లుగా మారతాయి, అదీ షాట్‌లో తెలుస్తుంది. చేత్తో తిప్పే డిమ్మర్ నయం.

మూడోదే నేను మీకు చెప్పేది. తెల్లటి లైటులో మామూలుగా రంగుల్లో షూట్ చేసి, ఎడిటింగ్‌లో ఎరుపు ఛానెల్ (వీడియోలోని ఎరుపు వాటా ఒక్కటే) నుంచి ఆకుపచ్చ ఛానెల్‌కు జరగడం. కంప్యూటర్ వద్దన్నారుగా అని అడుగుతారేమో. ఇందులో బొమ్మ గీసేదీ, ముఖం వంచేదీ ఏమీ లేదు. స్ట్రస్ లెన్సు ముందు చేసింది మీరు లెన్సు వెనకాల చేస్తున్నారు, అంతే. పైగా నటుడు ఎక్కడ బాగా చేశాడో చూసుకుని, మార్పు ఎప్పుడు మొదలవ్వాలో తర్వాత తేల్చుకోవచ్చు.

షూటింగ్ అప్పుడు పాటించాల్సినవి. కెమెరాను నలుపు-తెలుపు మోడ్‌లో పెట్టకండి. చాలామంది 'మన సినిమా నలుపు-తెలుపే కదా' అని అక్కడే మోనోక్రోమ్ పెట్టేస్తారు. రికార్డయిన ఫైల్లో రంగు సమాచారం ఉండదు, ఇక విడదీయడానికి ఏమీ మిగలదు. ఆటో వైట్ బ్యాలెన్స్, ఆటో ఐఎస్ఓ, ఆటో ఫోకస్ మూడూ కట్టేయాలి. గ్రే కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ తీయాలి. ఇది తప్పితే ఛానెల్ మారినప్పుడు గోడ కూడా మారుతుంది. 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇంట్లో లైట్లు మినుకుమనకుండా ఉంటాయి. కెమెరా 10 బిట్, 4:2:2 ఇస్తే అదే వాడండి. 8 బిట్, 4:2:0 మాత్రమే ఇస్తే 4కేలో తీసి 1080లో బయటికి తీయండి. 4:2:0లో రంగు సమాచారం అడ్డంగా సగం, నిలువుగా సగమే ఉంటుంది. 4కేని కుదిస్తే ఆ లోటు తీరి, మేకప్ అంచులు గళ్లుగళ్లుగా కనపడవు.

ఎక్స్‌పోజర్ అర స్టాపు నుంచి ముప్పావు స్టాపు తక్కువ పెట్టండి. చర్మం మీద ఎరుపు ఛానెలే ముందు తెల్లబోతుంది. మొత్తం హిస్టోగ్రామ్ (కెమెరా చూపించే వెలుగు గ్రాఫ్) బాగున్నట్టే కనిపిస్తుంది గానీ, బుగ్గ మీద ఎరుపు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ ఉంటే అది చూడండి.

మీ ఎల్‌ఈడీ లైట్లు చవకరకమైతే వాటిలో ముదురు ఎరుపు తక్కువగా ఉంటుంది. డబ్బా మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన, ఆర్9 (ముదురు ఎరుపుకు విడిగా ఇచ్చే అంకె) కూడా బాగా ఉన్నట్టు రాసి ఉంటే సరే. లేకపోతే పాత హాలోజెన్ లైటు ఒకటి సాలిగ్రామం, వడపళని వైపు అద్దెకు తెచ్చుకోండి. దాంట్లో ఎరుపుకు కొదవ లేదు. వేడి మాత్రం భరించాలి.

ఇప్పుడు అసలు పని, మేకప్. ఇంగ్లీషులో ఈ కిటుకు గురించి రాసినవన్నీ తెల్లతోలు నటుల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. మన చామనచాయ ముఖం మీద రెండు తేడాలొస్తాయి. ఒకటి, మన చర్మం ఎరుపును తిప్పికొట్టేది వాళ్లకంటే తక్కువ. కాబట్టి నికార్సయిన మంట ఎరుపు పూస్తే ఎరుపు ఛానెల్లో అది చర్మంలో కలిసిపోదు, చర్మం కంటే తెల్లగా మెరుస్తుంది. ఎరుపులో కొంచెం ముదురు గోధుమ రంగు కలిపి దించాలి. రెండు, మన చర్మం ఆకుపచ్చలో ఎలాగూ కాస్త నల్లగానే పడుతుంది కాబట్టి మేకప్‌కూ చర్మానికీ మధ్య వచ్చే తేడా తగ్గుతుంది. అందుకే గీతలు కొంచెం వెడల్పుగా, లైటు ఒక పక్క నుంచి ఉండాలి. ఆకుపచ్చ బదులు నీలం ఛానెల్ వాడితే ఇంకా భయంకరంగా ఉంటుంది కదా అనిపిస్తుంది, కానీ నీలంలో మన చర్మమే నల్లబడిపోతుంది, నాయిస్ కూడా ఎక్కువ. ఆకుపచ్చ దగ్గరే ఆగండి.

పరీక్ష ఇలా చేయండి. షూటింగ్‌కు ముందు ఒక సాయంత్రం నటుణ్ని కూర్చోబెట్టి, దవడ పక్కన నాలుగు మచ్చలు పెట్టండి. మొదటిది వట్టి ఎరుపు. తర్వాతి మూడూ గోధుమ రంగు వంతు పెంచుకుంటూ: తొమ్మిది వంతుల ఎరుపుకు ఒకటి, ఎనిమిదికి రెండు, ఏడుకి మూడు. షూటింగ్‌కు వాడే లైటులోనే క్లిప్ తీసి ఎరుపు ఛానెల్ ఒక్కటే చూడండి. ఏ మచ్చ మాయమైందో అదే మీ రంగు. నటుడు మారితే పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

ఎక్కడ పూయాలంటే, కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు, కళ్ల కింద గుంట, కణత, ముక్కు పక్క నుంచి నోటి మూల దాకా దిగే మడత, చెంప గుంట, మెడ నరాలు. చేతులు ఫ్రేములో ఉంటే వేళ్ల కణుపుల మధ్య కూడా. అంచుల్ని తడి స్పాంజితో చెరిపేయండి, గట్టి గీతగా వదిలితే కార్టూన్ అవుతుంది. పెదాలకు ఏమీ వద్దు. అవి సహజంగానే ఎరుపులో పాలిపోయి, ఆకుపచ్చలో నల్లబడతాయి, మీ ఖాతాలో ఉచితం. రాత్రి నిద్రలేని నటుడైతే ఇంకా మంచిది, కళ్లలోని ఎర్ర జీరలు కూడా మార్పులో తేలతాయి.

నీళ్లతో తడిపి పూసే పాన్‌కేక్ చెన్నై ఉక్కకు నిలవదు. నూనె ఆధారంగా ఉండే గ్రీజు పెయింట్ పూసి, పైన రంగులేని పౌడర్ అద్దండి. ముఖం మీద చెమట మెరుపు ఉంటే ఆ మెరుపు ఏ ఛానెల్లోనైనా తెల్లగానే ఉంటుంది, కింద మేకప్ ఎంత బాగున్నా దాన్ని చంపేస్తుంది. ఏసీ శబ్దం రికార్డవుతుందని ఆపేస్తారు కదా, ఈ షాట్‌కు మాత్రం ఆపకండి. ధ్వని తర్వాత వేసుకోండి.

ఫ్రేములో ముఖం తప్ప మరే ఎర్ర వస్తువూ, ఆకుపచ్చ వస్తువూ ఉండకూడదు. అద్దె ఇళ్లలో గోడలకు లేత ఆకుపచ్చో గులాబీ రంగో వేసి ఉంటారు, ఛానెల్ మారగానే గోడ మొత్తం వెలుగు మారి అబ్బురం పోతుంది. బూడిద రంగు గుడ్డ వేలాడదీయండి. చెన్నై పారీస్ కార్నర్ దగ్గర గోడౌన్ స్ట్రీట్‌కు వెళ్తే తాను లెక్కన దొరుకుతుంది. నుదుటి కుంకుమ, మణికట్టుకు కట్టుకున్న ఎర్ర తాడు, గోడ మీద క్యాలెండర్, వెనకాల గ్యాస్ సిలిండర్ అన్నీ పట్టిస్తాయి. నటుడికి తెల్ల కోటు, లోపల నల్ల చొక్కా చాలు.

ఎడిటింగ్. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తోనే అయిపోతుంది. ఒకే క్లిప్‌ను రెండు ట్రాకుల మీద, ఒక్క ఫ్రేము కూడా అటూఇటూ కాకుండా పెట్టండి. కింది క్లిప్‌కు కలర్ పేజీలో ఆర్‌జీబీ మిక్సర్ తెరిచి, మోనోక్రోమ్ టిక్ చేసి, ఎరుపు 1, ఆకుపచ్చ 0, నీలం 0 పెట్టండి. పై క్లిప్‌కు అలాగే ఎరుపు 0, ఆకుపచ్చ 1, నీలం 0. ఇప్పుడు పై క్లిప్ ఒపాసిటీని సున్నా నుంచి వందకు కీఫ్రేములతో పెంచండి. రెండూ ఒకే టేకు కాబట్టి నటుడు కదిలినా అంచులు జారవు. నాలుగు నుంచి ఆరు సెకన్లు బాగుంటుంది. మొదలూ చివరా నెమ్మదిగా, మధ్యలో వేగంగా ఉండేలా కర్వ్ వేయండి, సరళరేఖలా వేస్తే మొదలైన క్షణం కన్ను పట్టేస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో నటుడి చేయి వణకడమో, గ్లాసు కింద పెట్టడమో జరిగితే ఇంకా మంచిది.

మామూలు 'డీశాచురేట్' నొక్కితే వచ్చే నలుపు-తెలుపులో ఆకుపచ్చ వాటా 70 శాతం పైనే. అంటే అది దాదాపు రాక్షసుడి రూపమే. మిగతా సినిమాలో మంచివాడిగా ఉన్న భాగమంతా డీశాచురేట్‌తో, ఈ షాట్ ఒక్కటీ ఎరుపుతో మొదలుపెడితే, మందు తాగగానే మీ డాక్టరు అమాంతం తెల్లగా, నునుపుగా అయిపోతాడు. మారడానికి ముందున్న దృశ్యాలన్నీ ఎరుపు ఛానెల్లోనే, మారిన తర్వాతవన్నీ ఆకుపచ్చ ఛానెల్లోనే గ్రేడ్ చేయండి.

స్ట్రస్‌కు లేని సౌకర్యం మీకొకటుంది. పై క్లిప్‌కు అంచులు బాగా మసకగా ఉన్న విండో గీసి, దాన్ని మెడ నుంచి నుదుటి దాకా పైకి కదిపితే మార్పు గొంతులోంచి ఎక్కినట్టుంటుంది. మందు తాగాడు కాబట్టి అలా రావడం సబబే.

ఈ కిటుకుకు ఒక హద్దుంది. ఇది నీడల్నీ మచ్చల్నీ మాత్రమే తెస్తుంది. పళ్లు, వెంట్రుకలు, ముక్కు ఆకారం దీనితో రావు. 1931లో కూడా మొదటి దశ వరకే దీన్ని వాడి, ఆ తర్వాత కెమెరాను గిర్రున తిప్పి, జెకిల్ తల తిరుగుడునే ఆసరా చేసుకుని పూర్తి మేకప్‌కు చేరుకున్నారు. మీరూ అలాగే చేయొచ్చు. నటుడు ముందుకు వంగి బల్ల కిందికి పోయాక కట్ చేసి, పూర్తి మేకప్‌తో పైకి లేవనివ్వండి. మేకప్ కంటే ముందు నటుడి ఒళ్లు మారాలన్నది ఇదే కథతో వచ్చిన 1920 నాటి మూకీ చూస్తే తెలుస్తుంది. జాన్ బ్యారీమోర్ మొదటి మార్పును చాలావరకు ముఖం వంకర్లు తిప్పే సాధిస్తాడు. మీ నటుడితో దవడ ముందుకు తోయడం, ఒక భుజం దించడం, ఊపిరి నోటితో తీయడం వారం ముందు నుంచి సాధన చేయించండి.

ల్యాబు విషయానికి వస్తే, 1931 'ఫ్రాంకెన్‌స్టైన్' లాంటి మెరుపులు కావాలని అందరూ అడుగుతారు. వాటిని కట్టిన కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ విద్యుత్ పనిలో ఆరితేరినవాడు. ఆయన పరికరాలు ఎంత గట్టివంటే 1974లో 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్'లో మళ్లీ అవే వాడారు. ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లి హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ కొనే ఆలోచన మాత్రం మానుకోండి, ప్రాణాలతో చెలగాటం. అక్కడే దొరికే గాజుగోళం ప్లాస్మా ల్యాంపు కొని, చీకట్లో దగ్గరగా తీసి, మధ్యలో ఇన్సర్ట్‌గా వేసుకోండి.

మందు మెరవాలంటే నోట్లు పరీక్షించే యూవీ టార్చి చాలు. టానిక్ వాటర్‌లో క్వినైన్ ఉంటుంది కాబట్టి యూవీ కింద నీలంగా వెలుగుతుంది, తాగినా ఫర్వాలేదు. కానీ నీలం వెలుగు మీ ఎరుపు ఛానెల్లో దాదాపు కనపడదు, ఆకుపచ్చలో ఓ మోస్తరు. దాని బదులు బీ-కాంప్లెక్స్ మాత్ర ఒకటి నలిపి నీళ్లలో కలిపి వడకట్టండి. అందులోని రైబోఫ్లేవిన్ పసుపుపచ్చగా వెలుగుతుంది, ఆ వెలుగు ఎక్కువగా ఆకుపచ్చ ఛానెల్లో పడుతుంది. ఫ్లాస్కును నీడలో ఉంచి, వెనక నుంచి టార్చి వేస్తే, డాక్టరు ముఖం మారుతున్న ఆ నాలుగు సెకన్లలోనే పక్కనున్న ఫ్లాస్కు కూడా తనంతట తానే వెలగడం మొదలుపెడుతుంది. ఎరుపు-ఆకుపచ్చ మార్పిడి మీకు ఇచ్చే కొసరు ఇది. పసుపును స్పిరిట్‌లో కలిపినా ఇలాగే వెలుగుతుంది గానీ, అది తాగకూడదు, హాలోజెన్ దగ్గర పెట్టకూడదు, అంటుకుంటుంది.

పొగకు పొడిమంచు (డ్రై ఐస్). లీటరు గోరువెచ్చని నీళ్లలో నూరు, నూటయాభై గ్రాముల ముక్కలు వేస్తే కొద్ది నిమిషాలు తెల్లగా పొంగుతుంది. నీళ్లు చల్లబడగానే ఆగిపోతుంది, వేడినీళ్లు మార్చాలి. అది మైనస్ 78 డిగ్రీలు, మందపాటి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. మూత బిగించిన సీసాలో వేస్తే పేలుతుంది. నటుడు తాగే గ్లాసులో పొడిమంచు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి, ముక్క మింగితే లోపల కాలిపోతుంది. వెడల్పు జాడీలో పొడిమంచు నీళ్లు పోసి, మధ్యలో చిన్న గ్లాసు నిలబెడితే పొగ గ్లాసు నుంచే వస్తున్నట్టుంటుంది. తాగే ముందు ఒక కట్, పొగ లేని గ్లాసు చేతికి. పది అడుగుల చదరపు గదిలో, పది అడుగుల ఎత్తుతో, దాదాపు 28,000 లీటర్ల గాలి ఉంటుంది. కిలో పొడిమంచు 500 లీటర్ల పైన కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, అంటే రెండు శాతం దగ్గర. మూడు కిలోలు తలుపులు మూసి వాడితే ప్రమాదమే. పైగా ఆ వాయువు నేల మీదే పేరుకుంటుంది. మీ కథలో ఎవరైనా కిందపడి ఉన్న శవంగా నటిస్తుంటే, అందరికంటే ముందు ఇబ్బంది పడేది ఆ మనిషే. ప్రతి టేకుకీ తలుపులు తీయండి.

ల్యాబు పెద్దదిగా కనిపించాలంటే అద్దం పద్ధతి చూడండి. 1927 'మెట్రోపొలిస్'కు యూజెన్ షుఫ్టాన్ వాడింది. కెమెరాకు మీటరు ముందు 45 డిగ్రీల కోణంలో ఒక అద్దం పెట్టి, నటుడు కనపడాల్సిన భాగం మేరకు అద్దం వెనక పూతను గీకేస్తారు. గీకిన చోటులోంచి నటుడు, మిగిలిన అద్దంలో పక్కనున్న థర్మోకోల్ నమూనా. నమూనాను కుడిఎడమలు తారుమారు చేసి కట్టాలి, అది మరిస్తే మొత్తం మళ్లీ కట్టుకోవాలి. ఎఫ్8 నుంచి ఎఫ్11 మధ్య ఉంచితే రెండూ ఫోకస్‌లో ఉంటాయి. మామూలు అద్దానికి వెనక పూత ఉండటం వల్ల మసక జంటబొమ్మ వస్తుంది, ఆ బొమ్మ నలుపు-తెలుపులో పెద్దగా తెలియదు. మన వడపళని ఫ్లోర్లలో కూడా ఇలాంటి కెమెరా మాయలకు కరువు లేదు. 'మాయాబజార్'లో మార్కస్ బార్‌ట్లే, 'సీతారామ కళ్యాణం'లో రవికాంత్ నగాయిచ్ చేసినవి ఈ దృష్టితో ఒకసారి చూడండి, మాస్కింగ్ (ఫ్రేములో కొంత భాగాన్ని మూసి, విడివిడిగా తీసి కలపడం) గురించి బోలెడు తెలుస్తుంది.

'ది ఇన్విజిబుల్ మ్యాన్' లాంటి మాయం కావడం జోలికి మాత్రం పోకండి. 1933లో జాన్ ఫుల్టన్ దాన్ని నల్ల వెల్వెట్ గది ముందు, నల్ల వెల్వెట్ తొడిగిన నటుడితో తీసి, మాట్‌లతో కలిపాడు. ఒళ్లు హూనమయ్యే పని. అంత జాగ్రత్తగా చేసిన సినిమాలో కూడా చివర్లో మంచు మీద పడేవి బూట్ల అడుగులు. అతను బట్టల్లేకుండా తిరుగుతున్నాడు కదా!

కథ గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. ప్రయోగం ఎందుకు వికటించిందో ప్రేక్షకుడికి వేలు పెట్టి చూపించగలగాలి. 'ఫ్రాంకెన్‌స్టైన్'లో సహాయకుడు మంచి మెదడున్న జాడీని పగలగొట్టుకుని, చెడ్డ మెదడు పట్టుకొస్తాడు. 1958 'ది ఫ్లై'లో వస్తువుల్ని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే యంత్రంలోకి, శాస్త్రవేత్తతో పాటు ఈగ దూరుతుంది. అంతకుముందే పళ్లెం ఒకటి పంపితే వెనకాల అక్షరాలు తిరగబడి వస్తాయి, పిల్లిని పంపితే అది తిరిగి రాదు, అరుపు మాత్రం గాల్లో వినిపిస్తుంది. యంత్రం తప్పు చేయగలదని ఆ రెండు పరీక్షలే చెప్పేశాయి. మీ పది నిమిషాల్లో మూడో నిమిషానికల్లా ఇలాంటి పరీక్ష ఒకటి, అతను పట్టించుకోని చిన్న లోపం ఒకటి ఉండాలి. వలసరవాక్కం ఇల్లే ల్యాబు కాబట్టి కరెంటు పోయి ఫ్రిజ్‌లో మందు వెచ్చబడటం కంటే సహజమైనది ఏముంటుంది?

ధ్వనికి మామూలియన్‌నే అనుసరించండి. మార్పు షాట్ కోసం తన గుండె చప్పుడే రికార్డు చేసి, గాంగ్ మోతకు మొదటి దెబ్బ కోసేసి, తిరగేసి వాడాడు. స్టెతస్కోప్ గొట్టంలోకి కాలర్ మైకు దూర్చి టేపు చుడితే గుండె చప్పుడు వస్తుంది. గాంగ్‌కు బదులు ఇత్తడి తాంబాళం. దెబ్బ పడిన మొదటి క్షణం కోసేస్తే అది ఏ వస్తువో చెవికి అందదు.

చివరిగా మీ మూడో ప్రశ్న. రంగుల్లో ఎర్ర మేకప్ మొదటి ఫ్రేము నుంచే కనిపిస్తుంది కాబట్టి ఈ దారి మూసుకుపోయినట్టే. స్ట్రస్‌కే ఆ అవసరం వచ్చింది. ఆ 'ది ఫ్లై'కి కెమెరామన్ ఆయనే, రంగుల్లో, సినిమాస్కోప్‌లో. ఆ సినిమాలో మార్పును చూపించనే చూపించరు. శాస్త్రవేత్త తల మీద నల్ల గుడ్డ కప్పుకుని, ఒక చేయి దాచుకుని, బల్ల మీద తట్టి, టైపు కొట్టి భార్యతో మాట్లాడతాడు. గుడ్డ తొలగేదాకా ప్రేక్షకుడు ఊహించుకుంటూనే ఉంటాడు. తొలగాక ఈగ కళ్లలోంచి ఆమె అరుపు పదుల బొమ్మలుగా కనిపిస్తుంది. డబ్బు లేనివాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. గుడ్డ పలచనిది వద్దు, బ్యాక్‌లైట్‌లో లోపలి తల ఆకారం తెలిసిపోతుంది. రెండు పొరల నల్ల కాటన్ వేసి, నటుడు చూడటానికి ఒక పొరలోనే చిల్లు పెట్టండి.

రెండో దారి 1986లో క్రోనెన్‌బర్గ్ తీసిన 'ది ఫ్లై'. మార్పును ఒక షాట్‌లో కాక సినిమా పొడవునా దశలుదశలుగా పరిచారు, దానికి మేకప్ విభాగంలో ఆస్కార్ కూడా వచ్చింది. రంగుల్లో కావాలనే నిర్మాత దొరికితే ఆ దారి పట్టవచ్చు. అప్పుడు ఒక్కో దశకు వేరే రోజు షెడ్యూలు వేయమని ముందే చెప్పండి. జిగురుతో అతికించిన మేకప్‌ను ఒకే రోజు పీకి మళ్లీ అతికిస్తే చర్మం కందిపోతుంది, సాయంత్రం తీయాల్సిన దశ మర్నాటికి వాయిదా పడుతుంది.